పంచాయతీ కంప్యూటరులో దస్త్రపు కట్టలకు గుర్తులు

గ్రామ పంచాయతీ సభ్యులకు గుర్తు యొక్క విలువను వేరుగ చెప్పనక్కరలేదు. ఏకగ్రీవముగ ఎన్నికైనవారు దక్క తక్కిన సభ్యులందరును ఒక్కొక్క గుర్తుతో ప్రజల ముందుకు పోయి, ఆ గుర్తుపై పడిన ఓట్ల బలముతో పంచాయతీలో కూర్చున్నవారే. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు దేశమున తొలి సాధారణ ఎన్నికలు జరిగినపుడు ఓటర్లలో అధిక సంఖ్యాకులు అక్షరములు రానివారు. నాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారి పర్యవేక్షణమున ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను ప్రత్యేకించి, దానిపై ఆ అభ్యర్థి గుర్తును అంటించిరి. ఓటరు తాను కోరిన గుర్తుగల పెట్టెలో చీటీ వేసి వచ్చెడివాడు. పేరు చదువలేని వృద్ధులు సైతము గుర్తును చూచి తమ పెట్టెను పోల్చుకొనగలిగిరి. అట్టి పద్ధతిలో పెట్టెపై గుర్తు తారుమారైనచో ఓటు తారుమారైనట్లే యగును. కనుక గుర్తు ఎంత మేలు చేయగలదో అంత కీడును చేయగలదు.

కోనసీమవారికి ఈ విషయము మరియొక విధముగ గూడ పరిచితమే. కనుమనాడు మొసలపల్లి సమీపమున జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరును. గంగలకుర్రు అగ్రహారపు ప్రభ కౌశికను దాటి వచ్చు దృశ్యమును చూచుటకు వేలాది జనులు గట్టుపై నిలుతురు. ప్రభ తీరును, అలంకారమును బట్టి ఇది ఫలానా ఊరిదని జనులు దూరమునుండియే చెప్పుకొనుచుందురు. దగ్గరకు పోయి వ్రాత చదువవలసిన పని యుండదు.

పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరులో గూడ ఇట్టి సౌకర్యము కలదు. కాగితముల కట్టలవంటి ఫోల్డరులకు మనకు కావలసిన గుర్తులను పెట్టుకొనవచ్చును. ఇది చూచుటకు చిన్న విషయమువలె తోచును. కాని ఒక పౌరుని కాగితము దొరకుట, దొరకకపోవుట దీనిపై ఆధారపడిన సందర్భములు కలవు. అందుచేత ఈ పనిని చేయు విధానమును, దానివలని లాభములను, అందుగల ప్రమాదములను మేమిచ్చట వివరింప దలచితిమి.

కవిలెకట్ట నుండి కంప్యూటరు వరకు

పూర్వము గ్రామపు లెక్కలు కరణముగారి యింట కవిలెకట్టలలో నుండెడివి. ఏ కట్టలో ఏ లెక్క యున్నదో ఆయనకు చూడగనే తెలియును. ఇతరులకు మాత్రము అది గుడ్డలో చుట్టిన మూట. రైతు తన భూమి వివరము తెలిసికొనవలెనన్న ఆయన యింటి ముంగిట నిలువవలసినదే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దు చేసినది. లెక్కలు ఇండ్లనుండి కార్యాలయములకు వచ్చినవి.

తరువాత 2019 అక్టోబరు 2 వ తేదీన, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. గ్రామముననే కంప్యూటరులు, వాటిపై పని చేయుటకు డిజిటల్ అసిస్టెంటు, ఆయా శాఖల సహాయకులు ఏర్పడిరి. 2020 ఏప్రిల్ 24 న కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను వేదికను ప్రారంభించుటతో పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు గూడ కంప్యూటరునకు ఎక్కుచున్నవి.

అయినను పూర్వపు చిక్కు పూర్తిగ తొలగినదని చెప్పజాలము. ప్రభుత్వ వేదికలలో నమోదైన వివరములు అచ్చట భద్రముగ నుండును. కాని తీర్మానముల నకళ్లు, పనుల అంచనాలు, ఫొటోలు, అర్జీలు, వరదనాటి జాబితాలు, వేలముపాటల కాగితములు మొదలగునవి కార్యాలయపు కంప్యూటరులోనే ఫోల్డరులలో నుండును. వాటిని సర్దినవారు సెలవులో నున్నను, బదిలీయై పోయినను, వెనుక వచ్చినవారికి తెరపై కనిపించునది ఒకే పోలికగల పసుపుపచ్చ ఫోల్డరుల వరుస మాత్రమే. ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ 2’, ‘ఆఫీసు’, ‘ఆఫీసు కొత్తది’ అను పేర్లుగల ఫోల్డరులలో 2021 నాటి తీర్మానమును వెదకుట కవిలెకట్టలలో వెదకుటకంటె సులభము కాదు. కంప్యూటరు వచ్చినను దస్త్రముల మర్మము ఒక్కరికే తెలిసియున్నచో, కరణీకము పేరు మార్చుకొని నిలిచియున్నట్లే.

చట్టము ఏమి చెప్పుచున్నది

దస్త్రములను పోల్చుకొనుటకు వీలుగ నుంచుట కార్యాలయపు ఇష్టాయిష్టములకు సంబంధించినది కాదు. 2005 అక్టోబరు 12 నుండి సంపూర్ణముగ అమలులోనికి వచ్చిన సమాచార హక్కు చట్టములోని 4 వ సెక్షను, ప్రతి ప్రభుత్వ అధికార సంస్థయు తన దస్త్రములను పట్టికలు వ్రాసి, సూచికలు కట్టి, సమాచారము తేలికగ లభించునట్లు ఉంచవలెనని విధించుచున్నది. కంప్యూటరునకు ఎక్కింపదగినవానిని వనరులనుబట్టి తగిన కాలములో ఎక్కింపవలెనని గూడ చెప్పుచున్నది. గ్రామ పంచాయతీ ఈ చట్టమునకు లోబడిన సంస్థయే. పౌరుడు సమాచారము కోరినచో సామాన్యముగ 30 దినములలోను, ప్రాణమునకు గాని స్వేచ్ఛకు గాని సంబంధించినదైనచో 48 గంటలలోను ఇవ్వవలెను. దస్త్రము కంప్యూటరులోనే యుండి, అది ఎచ్చటనున్నదో తెలియక గడువు దాటుట ఎవరికిని గౌరవము కాదు.

జనన నమోదు విషయమును చూడుడు. జనన మరణములను 21 దినములలో తెలుపవలెనని నియమము. జనన మరణముల నమోదు సవరణ చట్టము 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన పిమ్మట, ఆ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరుట మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారమగుచున్నది. దానికి సంబంధించిన అర్జీ ఏ ఫోల్డరులోనో మరుగునపడినచో కష్టము ఆ తల్లిదండ్రులది.

ముఖచిహ్నము ఎట్లు పుట్టినది

కంప్యూటరు తెరపై వస్తువులను సూచించు చిన్న బొమ్మను ఐకాన్ అందురు. మనము దీనిని ముఖచిహ్నమని పిలుచుకొందము. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు 1975లో సమర్పించిన పరిశోధన గ్రంథములో ఈ భావమును ప్రతిపాదించెను. 1981లో జెరాక్స్ సంస్థ వెలువరించిన స్టార్ అను కంప్యూటరులో కాగితము, ఫోల్డరు, ఉత్తరముల పళ్లెరము మొదలగువాని బొమ్మలు తెరపైకి వచ్చినవి. కార్యాలయపు బల్లమీద కనిపించు వస్తువులనే తెరమీద చూపినచో గుమాస్తాలకు పని సులువగునని వారి యూహ. 1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటరునకు సూసన్ కేర్ అను చిత్రకారిణి చిన్న చిన్న చుక్కలతో ముఖచిహ్నములను తీర్చిదిద్దినది. నేడు మన కార్యాలయములలో సామాన్యముగ కనిపించు విండోస్ కంప్యూటరులోని పసుపుపచ్చ ఫోల్డరు గూడ ఈ వంశమునకు చెందినదే.

ముందు పేరు, పిదప గుర్తు

గుర్తు పేరునకు తోడు మాత్రమే గాని బదులు కాదు. కంప్యూటరులో వెదకునపుడు యంత్రము పేరును వెదకును గాని బొమ్మను వెదకదు. చూపులేని ఉద్యోగి లేక పౌరుడు తెరను చదివి వినిపించు సాధనముతో పని చేయునపుడు గూడ వినిపించునది పేరే. అందుచేత గుర్తులు పెట్టుటకు పూర్వము పేర్లను సరిదిద్దవలెను.

పేర్లను తెలుగులోనే వ్రాయవచ్చును. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానము లభించినది. విండోస్ సెట్టింగులలో తెలుగు కీబోర్డును చేర్చుకొన్న పిమ్మట విండోస్ మీటను, స్పేసు మీటను కలిపి నొక్కి భాషను మార్చుకొనవచ్చును. ఫోల్డరును ఎంచి ఎఫ్2 మీట నొక్కినచో పేరు మార్చుటకు వీలగును. పేరునకు ముందు 01, 02, 03 అని రెండంకెల సంఖ్య వేసినచో ఫోల్డరులు ఎల్లప్పుడు ఒకే వరుసలో నిలుచును. తేదీ వేయునపుడు సంవత్సరము, నెల, దినము అను క్రమమున 2024-08-15 అని వ్రాసినచో కాలక్రమము చెడదు. ఆర్థిక సంవత్సరమును కాగితముపై వ్రాసినట్లు ఏటవాలు గీతతో వ్రాయుట ఫోల్డరు పేరులో కుదరదు. ఏటవాలు గీతలు, రెండు చుక్కలు, నక్షత్రము, ప్రశ్నార్థకము వంటి కొన్ని గుర్తులను విండోస్ పేర్లలో అంగీకరింపదు. వాటికి బదులు అడ్డగీత నుపయోగింపవలెను.

ఇచ్చట కోనసీమకు ప్రత్యేకించిన విషయమొకటి కలదు. 2022 ఏప్రిల్ 4 న అమలాపురము కేంద్రముగ ప్రత్యేక జిల్లా ఏర్పడినది. అదే సంవత్సరము ఆగస్టులో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అను పేరు ఖాయమైనది. అంతకు ముందరి ఉత్తరములపై తూర్పు గోదావరి జిల్లా అనియు, కాకినాడ చిరునామాయు ఉండును. జిల్లా పేరునుబట్టి ఫోల్డరులు ఏర్పరచినచో ఒకే రోడ్డు పనికి చెందిన కాగితములు రెండుచోట్ల చీలిపోవును. కనుక పని పేరు ముందును, సంవత్సరము వెనుకను వచ్చునట్లు పేర్లు పెట్టుట మేలు.

గుర్తును మార్చు విధానము

పేర్లు సరియైన పిమ్మట గుర్తును మార్చుటకు రెండు నిమిషములు చాలును. ఇప్పుడు వాడుకలోనున్న విండోస్ కంప్యూటరులలో ఈ పని ఇట్లు జరుగును.

మొదట ఫోల్డరుపై మౌసు కుడి మీటను నొక్కి, వచ్చిన పట్టికలో ‘ప్రాపర్టీస్’ అను దానిని ఎంచవలెను. ఫోల్డరును ఎంచి ఆల్ట్, ఎంటర్ మీటలను కలిపి నొక్కినను ఇదే గవాక్షము తెరచుకొనును.

రెండవది, ఆ గవాక్షపు పైభాగమున ‘జనరల్’, ‘షేరింగ్’ మొదలగు పుటలలో ‘కస్టమైజ్’ అను పుటను తెరువవలెను. కంప్యూటరు తన పనికై ప్రత్యేకించి యుంచుకొన్న కొన్ని ఫోల్డరులకు ఈ పుట కనిపింపకపోవచ్చును. మనము సృష్టించుకొన్న ఫోల్డరులకు కనిపించును.

మూడవది, ఆ పుటలో క్రిందివైపున ‘చేంజ్ ఐకాన్’ అను మీటను నొక్కవలెను. విండోస్‌తో వచ్చిన ముఖచిహ్నముల వరుస కనిపించును. చెట్టు, నక్షత్రము, తాళము, భూగోళము వంటివి అందున్నవి.

నాల్గవది, కావలసిన బొమ్మను ఎంచి ‘ఓకే’ నొక్కి, పిదప ‘అప్లై’, మరల ‘ఓకే’ నొక్కవలెను. కొత్త గుర్తు వెంటనే కనిపింపనిచో ఎఫ్5 మీటను నొక్కి తెరను తాజా చేయవలెను. అప్పటికిని రానిచో కంప్యూటరును ఒకసారి ఆపి తెరచినచో వచ్చును. గుర్తు నచ్చనిచో అదే స్థలములోని ‘రిస్టోర్ డీఫాల్ట్స్’ అను మీట పూర్వపు పసుపుపచ్చ ఫోల్డరును తిరిగి తెచ్చును. ఈ మార్పులవలన ఫోల్డరు లోపలి కాగితములకు ఎట్టి హానియు కలుగదు.

విండోస్ ఇచ్చినవి చాలనిచో మనమే బొమ్మను తయారు చేసికొనవచ్చును. ఫోనుతో తీసిన ఫొటోను నేరుగ ముఖచిహ్నముగ అంగీకరింపదు. దానికి ఐకో అను ప్రత్యేక రూపముగల ఫైలు కావలెను. గింప్ అను ఉచిత చిత్రలేఖన సాఫ్ట్‌వేరులో 256 చుక్కల వెడల్పు, 256 చుక్కల ఎత్తుగల చతురస్రమున బొమ్మ గీసి, ఐకో రూపమున భద్రపరుపవచ్చును. పిదప ‘చేంజ్ ఐకాన్’ గవాక్షములోని ‘బ్రౌజ్’ మీటద్వారా ఆ ఫైలును చూపవలెను. బొమ్మ ఎంత సరళముగ నున్న అంత మంచిది. చిన్న రూపమున ముఖచిహ్నము 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు మాత్రమే యుండును. ఊరి చెరువు ఫొటో ఆ 256 చుక్కలలో మసకమచ్చగ మారును. లావు గీతలతో గీసిన ఒక్క చేప బొమ్మ మాత్రము స్పష్టముగ తెలియును.

లోపల జరుగునది

గుర్తు మార్చినపుడు కంప్యూటరు ఏమి చేయుచున్నదో తెలిసియుండుట అవసరము. బొమ్మ ఫోల్డరునకు అతుకుకొని పోదు. ఆ ఫోల్డరులోపల డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అను పేరుగల చిన్న చీటీ ఫైలు ఏర్పడి, మరుగున నుండును. ‘ఈ ఫోల్డరునకు చూపవలసిన బొమ్మ ఫలానా చోట, ఫలానా ఫైలులో నున్నది’ అను చిరునామా మాత్రమే అందు వ్రాయబడియుండును. విండోస్ ఆ చిరునామాకు పోయి బొమ్మను తెచ్చి చూపుచుండును.

దీనివలన రెండు ఫలితములు కలవు. విండోస్ స్వంత బొమ్మను ఎంచినచో ఆ చిరునామా ఇంచుమించు అన్ని విండోస్ కంప్యూటరులలోను ఉండును గనుక ఇతర కంప్యూటరునకు ఫోల్డరును తీసికొనిపోయినను సామాన్యముగ గుర్తు నిలుచును. మనము గీసిన బొమ్మను పెన్‌డ్రైవులో నుంచి చూపినచో, పెన్‌డ్రైవు తీసివేసిన పిదప గుర్తు పోయి పసుపుపచ్చ ఫోల్డరు మిగులును. కనుక స్వంత బొమ్మలన్నిటిని ‘గుర్తులు’ అను ఒక ఫోల్డరులో చేర్చి, కార్యాలయపు కంప్యూటరులన్నిటిలో ఒకే చోట ఉంచి, దానిని కదల్పకుండుట మంచిది. గుర్తు పోయినంతమాత్రమున కాగితములు పోయినవని కంగారుపడనక్కరలేదు. చిరునామా తప్పినదని గ్రహించిన చాలును.

ఏ కట్టకు ఏ గుర్తు

గుర్తుల ఎంపికలో పంచాయతీ తొందరపడరాదు. త్రాగునీటి ఫోల్డరునకు గాజు గ్లాసు, విద్యుత్తునకు పంకా, పారిశుధ్యమునకు చీపురు, చెరువునకు కమలము, రోడ్లకు సైకిలు అను బొమ్మలు మొదట తోచును. కాని ఇవన్నియు రాజకీయ పక్షములకు ఎన్నికల గుర్తులుగ ప్రజలెరిగినవి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరుగవు. కార్యాలయపు తెరపై గూడ అవి కనిపింపరాదు. అట్లే కులమును గాని మతమును గాని సూచించు బొమ్మలు తగవు. అర్జీతో వచ్చిన ఏ పౌరుడును తెరను చూచి ఇది తనది కాదని తలపరాదు.

పారిశుధ్యమునకు చెత్తబుట్ట బొమ్మ పెట్టుటయు ప్రమాదమే. కంప్యూటరులో చెత్తబుట్ట అనగా తీసివేసిన ఫైలులు చేరు స్థలము. ఆ బొమ్మగల ఫోల్డరులోనిది పనికిమాలినదని కొత్తగ వచ్చినవారు భ్రమపడవచ్చును.

కోనసీమ పంచాయతీలకు మేము సూచించు క్రమమిది. ఇంటిపన్నునకు ఇల్లు. గ్రామసభ, పంచాయతీ సమావేశముల తీర్మానములకు గంట. జనన మరణములకు ఊయల. త్రాగునీటికి కుళాయి. వీధిదీపములకు బల్బు. పారిశుధ్యమునకు చెత్త సేకరించు రిక్షా. చెరువుల చేపల పాటకు చేప. పంచాయతీ కొబ్బరిచెట్ల ఫలసాయపు వేలములకు చెట్టు. వరద, తుఫాను జాబితాలకు పడవ. పై అధికారుల ఉత్తరములకు కవరు. ఇవి పది. మరి రెండు చేర్చిన చేర్పవచ్చును గాని అంతకు మించరాదు. ప్రతి ఫోల్డరునకు గుర్తు పెట్టినచో ఏ గుర్తును కంటికి ఆనదు. పెద్ద కట్టలకు మాత్రమే గుర్తులుంచి, లోపలి చిన్న ఫోల్డరులను సంవత్సరముల పేర్లతో విడిచిపెట్టవలెను. రంగు భేదముమీద మాత్రమే ఆధారపడరాదు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారు మనలో కొందరుందురు. ఆకారము వేరుగ నుండవలెను.

ఈ గుర్తుల పట్టికను కాగితముపై అచ్చువేసి కంప్యూటరు ప్రక్క గోడకు అంటించుట, ఒక నకలును తీర్మానముల పుస్తకములో ఉంచుట అవసరము. అప్పుడు ఎవరు బదిలీయైనను పట్టిక మిగులును.

మోసపు గుర్తులు

ఫోల్డరువలె కనిపించునదెల్ల ఫోల్డరు కాదు. కంప్యూటరు పాడుచేయు కొన్ని దుష్ట ప్రోగ్రాములు ఫోల్డరు బొమ్మను ధరించి పెన్‌డ్రైవులద్వారా వ్యాపించును. అవి నిజమైన ఫోల్డరును మరుగుపరచి, అదే పేరుతో, అదే పసుపుపచ్చ బొమ్మతో తాము నిలుచును. తెరువబోయి రెండుసార్లు నొక్కినచో ఆ ప్రోగ్రాము నడచును. విండోస్ మామూలుగ ఫైలు పేరు చివరి భాగమును చూపదు గనుక ఈ మోసము తెలియదు. ఫోల్డరులను చూపు గవాక్షములోని ‘వ్యూ’ పట్టికలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ అను దానిని ఎంచినచో పేరు తుద కనిపించును. నిజమైన ఫోల్డరు పేరునకు తుదిని ‘ఈఎక్స్ఈ’ అని యుండదు. వివరముల వరుసలో ‘టైప్’ అనుచోట ‘ఫైల్ ఫోల్డర్’ అని యున్నదో ‘అప్లికేషన్’ అని యున్నదో చూచినను తెలియును.

అందమైన గుర్తులు ఉచితముగ నిచ్చెదమని చెప్పు తెలియని చోట్లనుండి ప్రోగ్రాములను దింపుకొనుట కూడదు. గుర్తులకు ఐకో ఫైలు చాలును. దానికొరకు ఏ ప్రోగ్రామును కంప్యూటరులో ప్రతిష్ఠింప నక్కరలేదు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమునందలి అనేక దేశముల కంప్యూటరులలోని ఫైలులకు తాళము వేసి డబ్బు అడిగినపుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటరులు గూడ దాని వాతబడినవి. పెద్ద శాఖలకే తప్పని ప్రమాదమునకు గ్రామ కార్యాలయము అతీతము కాదు.

వరద దినములలో

గోదావరి శాఖల నడుమ నున్న కోనసీమలో ఈ పాఠమునకు అసలు పరీక్ష వరదలలో వచ్చును. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగ వచ్చి లంక గ్రామములు జలదిగ్బంధమునకు గురియైనవి. 1996 నవంబరు 6 నాటి తుఫాను ఈ సీమలోని ఇండ్లను, కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. ఇట్టి సమయములలో ఏ యింటిలో నీరు చేరినది, ఎవరి పశువు పోయినది, ఎవరికి సహాయము అందినది అను జాబితాలే బాధితులకు ఆధారము. కార్యాలయములోనికి నీరు వచ్చినచో కంప్యూటరును ఎత్తుకొని పోవుటకు వ్యవధి యుండకపోవచ్చును. అందుచేత నకళ్లు ముందుగనే వేరొకచోట నుండవలెను.

ఇచ్చటనే గుర్తులవలన గొప్ప పొరపాటు జరుగుటకు వీలున్నది. తెరపై కనిపించు కొన్ని ముఖచిహ్నములకు ఎడమవైపు క్రిందిమూల చిన్న బాణపు గుర్తుండును. అవి షార్ట్‌కట్‌లు, అనగా దారిచూపు పలకలు మాత్రమే. రావులపాలెము కూడలిలో ‘అమలాపురము’ అను పలకను పెరికి బండిలో వేసికొన్నంతమాత్రమున అమలాపురము వెంటరాదు. అట్లే బాణపు గుర్తుగల చిహ్నమును పెన్‌డ్రైవునకు నకలు చేసినచో వచ్చునది పలకయే గాని దస్త్రములు కావు. పడవ బొమ్మ పెన్‌డ్రైవులో కనిపించుచుండును. తెరువబోయినచో లోపల ఏమియు నుండదు. ఈ సంగతి వరద తగ్గిన పిదప తెలిసిన ఫలమేమి?

కనుక దస్త్రములను తెరపై నుంచక, విండోస్ ఉన్న భాగముకాక వేరు భాగమున్నచో అందు ఒకే పెద్ద ఫోల్డరులో నుంచవలెను. కంప్యూటరు చెడి విండోస్‌ను మరల ఎక్కించునపుడు తెరపైనున్నవి పోవు ప్రమాదము కలదు. అట్టి పెద్ద ఫోల్డరును మొత్తముగ రెండు వేరు సాధనములలోనికి నకలు చేసి, ఒకటి కార్యాలయమునను, మరియొకటి మెరకనున్న మరియొక ప్రభుత్వ కార్యాలయమునను, అధికారుల అనుమతితో, తాళముగల బీరువాలో భద్రపరుపవలెను. ప్రజల వ్యక్తిగత వివరములు అందుండును గనుక ఎవరి యింటనో ఉంచరాదు. నకలు చేసిన పిదప దానిని వేరొక కంప్యూటరులో తెరచి, రెండు మూడు కాగితములు చదువుటకు వచ్చుచున్నవో లేదో చూడవలెను. అచ్చట మన గుర్తులు కనిపింపక పసుపుపచ్చ ఫోల్డరులే వచ్చినను చింతలేదు. పేర్లు సరిగనున్నచో వెదకుకొనవచ్చును. వానలకు ముందు జూన్ మొదటి వారములోను, తుఫానులకు ముందు అక్టోబరు మొదటి వారములోను ఈ పని తప్పక జరుగవలెను. జాబితాలు వ్రాయు దినములలో ప్రతి సాయంకాలమును జరుగవలెను.

సభ్యులు చేయవలసినది

కంప్యూటరుపై పని చేయుట కార్యదర్శి, సిబ్బంది బాధ్యత. సభ్యులు మౌసు పట్టుకొని ఫోల్డరులను కదల్పబూనుట తగదు. వారి రహస్య పదములను అడుగుటయు తగదు. కాని దస్త్రములు క్రమముగ నున్నవో లేవో విచారించుట సభ్యుల కర్తవ్యము. ఫోల్డరుల పేర్లు, పది గుర్తుల పట్టిక, నకళ్లు తీయు తేదీలు, నకళ్లుంచు స్థలము అను నాలుగు విషయములను పంచాయతీ సమావేశములో చర్చించి తీర్మానించుకొనవచ్చును. దీనికి ఖర్చు దాదాపు లేదు. సిబ్బందికి ఒక దినపు శ్రమ చాలును. ఆ దినమున ఇతర పనుల భారము వారిపై మోపకుండ చూచుట సభ్యుల సహకారము.

పని సరిగ జరిగినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. తరువాతి సమావేశమున మూడు కాగితములను అడుగుడు: గత సంవత్సరపు గ్రామసభ తీర్మానమొకటి, చేపల పాటకు సంబంధించినదొకటి, 2022 వరదనాటి జాబితా యొకటి. ఫోల్డరులను సర్దినవారు కాక కార్యాలయములోని మరియొక ఉద్యోగి వాటిని తీసి చూపవలెను. ఆ ఉద్యోగి గోడమీది పట్టికను చూచి, తెరపై గుర్తును పోల్చి, అయిదు నిమిషములలో మూడింటిని చూపగలిగినచో ఆ కార్యాలయపు దస్త్రములు పదిమందివైనట్లు. చూపలేనిచో ఏ ఫోల్డరువద్ద ఆగిపోయెనో గమనించి, దాని పేరునైనను గుర్తునైనను ఆ వారముననే మార్పింపవలెను. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పంచాయతీలు రాబోవు వానకాలమునకు ముందే ఈ పరీక్షను పెట్టుకొనునని మేము ఆశించుచున్నాము.